మీ పఠన బృందానికి ‘చివరకు మిగిలేది’

అనంతపురంలో నెలకొకసారి కలుసుకునే మీ పఠన బృందానికి కుటుంబ రహస్యాలు ఇతివృత్తంగా ఉన్న తెలుగు నవల ఒకటి సూచించమని అడిగారు. బృందంలో డిగ్రీ చదువుతున్న పిల్లల నుంచి పదవీ విరమణ చేసినవారి వరకు ఉన్నారని, కిందటిసారి చదివిన నవలలో రహస్యం ఆఖరి అధ్యాయంలో బయటపడడంతో ‘నేను ముందే ఊహించాను’, ‘నేను ఊహించలేదు’ అనుకోవడం తప్ప మాట సాగక పావుగంటలో లేచిపోయారని రాశారు. ఒక సభ్యురాలు మాత్రం ఇలాంటి విషయం ఎత్తుకుంటే ఇళ్ళలోని సంగతులు సమావేశంలోకి వచ్చి మనసులు నొచ్చుకుంటాయని వెనకాడుతున్నారని కూడా రాశారు. నేను ఈ ఊళ్ళోనే చాలాకాలం తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, రకరకాల వయసుల పాఠకులతో కూర్చొని నవలలు చదివినవాణ్ణి. కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ తీసుకోండి.

కిందటి సమావేశం ఎందుకు తేలిపోయిందో ముందు చూద్దాం. కుటుంబ రహస్యం మీద రాసిన నవలల్లో ఎక్కువ భాగం రహస్యాన్ని తాళం వేసిన పెట్టెలో పెట్టి, పాఠకుణ్ణి ఆ పెట్టె చుట్టూ తిప్పి, చివర్లో మూత తీస్తాయి. పాత ఉత్తరమో, మరణశయ్య మీద చెప్పిన మాటో, ఎప్పుడో తప్పిపోయిన బిడ్డో బయటపడుతుంది. ఒంటరిగా రాత్రిపూట చదువుకోవడానికి అవి బాగానే ఉంటాయి. కానీ పదిమంది కూర్చొని మాట్లాడుకోవడానికి అందులో మిగిలేది తక్కువ, ఎందుకంటే తెలియవలసింది తెలిసిపోయాక ఆ మనుషుల గురించి అడగడానికి ప్రశ్న ఉండదు. మన ఇళ్ళలో రహస్యాలు ఆ విధంగా ఉండవు. అవి చాలావరకు అందరికీ తెలిసినవే. పెద్దవాళ్ళకు తెలుసు, ఇరుగుపొరుగుకు తెలుసు, పెళ్ళి సంబంధం మాట్లాడవచ్చిన మధ్యవర్తికి ఇంకా బాగా తెలుసు. పిల్లలకు మాత్రం ఎవరూ చెప్పరు. వాళ్ళు గదిలోకి అడుగుపెట్టగానే మాట ఆగిపోవడాన్ని బట్టి తెలుసుకుంటారు. కాబట్టి బృందానికి నవల ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: ఆ రహస్యం మొదటి పేజీల్లోనే గాలిలో ఉండాలి, దాన్ని మోసేవాళ్ళు ఏమయ్యారన్నదే కథ కావాలి.

‘చివరకు మిగిలేది’ సరిగ్గా అటువంటి నవల. బుచ్చిబాబు (అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు, 1916–1967) రాసిన ఈ నవల 1946–47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చి, 1952లో పుస్తకమైంది. కథానాయకుడు దయానిధి వైద్య విద్యార్థి, ఆ తర్వాత డాక్టరు. అతని తల్లి నడవడిక గురించి లోకం ఒక మాట అనుకుంటుంది. ఆ మాట అతని కంటే ముందే ప్రతి ఇంటికీ చేరుకుంటుంది. అతని చదువు, స్నేహాలు, పెళ్ళి మాటలు, స్త్రీల పట్ల అతని భయం, ఆకర్షణ, అన్నిటి వెనుకా ఆ నీడ ఉంటుంది. నవల మొదటి భాగంలోనే తల్లి కన్నుమూస్తుంది. దాంతో మాట సద్దుమణుగుతుందేమో అని మనం అనుకుంటాం, కాని ఆమె పోయాకనే అది మరింత బరువెక్కుతుంది, ఎందుకంటే ఇక సమాధానం చెప్పగలిగిన మనిషి లేదు.

ఈ నవలలోని గొప్పదనంగా నేను భావించేది ఇదే. తల్లి తన పక్షాన తాను చెప్పుకున్నది మనకు దాదాపు ఏమీ దొరకదు. జరిగిందేమిటో నిర్ధారణగా తేల్చి చెప్పే పంచాయితీ ఏదీ రచయిత పెట్టడు. మనకు అందేదంతా చాటుమాటు మాటలు, సగంలో ఆపేసిన వాక్యాలు, ఆమె కొడుకును చూసే చూపులు. ‘ఆ ఇంటి సంగతి మనకెందుకులే’ అని మొదలుపెట్టి ఆ ఇంటి సంగతే గంటసేపు మాట్లాడే మనుషులను మనమందరం చూశాం. బుచ్చిబాబు ఆ సంభాషణను విననివ్వకుండా, అది విన్న కొడుకు మనసులో అది ఎట్లా పెరుగుతుందో వినిపిస్తాడు. చదువుతున్నంతసేపూ పాఠకుడికి కూడా ‘ఇంతకీ ఆమె ఏం చేసింది?’ అన్న ఆరాటం కలుగుతుంది. ఆ ఆరాటం తలెత్తిన క్షణంలో పాఠకుడు కూడా ఆ ఊరివాళ్ళ పక్కన చేరిపోయినట్లే. దీన్ని గుర్తుపట్టడమే మీ మొదటి సమావేశానికి సరిపడా చర్చ.

ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక బృందంతో ఈ నవల చదువుతున్నప్పుడు, ముగ్గురు నలుగురు మగవాళ్ళు, అందులో ఇద్దరు నాబోటి అధ్యాపకులు, తల్లి దోషి అవునా కాదా అని న్యాయవాదుల్లాగా పేజీ నంబర్లతో సహా వాదించుకుంటున్నారు. అంతసేపూ మాట్లాడకుండా కూర్చున్న ఉరవకొండ వైపు పెద్దావిడ ఒకరు, చేతిలోని పుస్తకం మూసి, ‘అందురూ ఆమె ఏం చేసిందో అడుగుతాండారు గానీ, ఆమెకు ఏమైందో ఎవురూ అడగరేమప్పా?’ అన్నారు. వాదన అక్కడ ఆగింది. ఆ తర్వాత అందరూ వెనక్కు వెళ్ళి, ఆ తల్లి కనిపించే పేజీలనే మళ్ళీ చదివారు. ఆమె జబ్బు, ఆమె ఒంటరితనం, ఆ ఇంట్లో ఆమె పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు కూర్చోలేదు, ఇవన్నీ అప్పుడు బయటికి వచ్చాయి. సమావేశం నడిపేవారు ఎన్ని ప్రశ్నలు రాసుకొని వెళ్ళినా ఆ ఒక్క ప్రశ్నకు సాటిరావు. మీరు దాన్ని నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

అనంతపురంవాళ్ళకు ఈ నవలను సూచించడానికి మరొక కారణం ఉంది. ఇందులో సగం కథ మన నేల మీద జరుగుతుంది. బుచ్చిబాబు ఏలూరులో పుట్టిన మనిషి. 1945లో ఆకాశవాణిలో చేరడానికి ముందు కొంతకాలం అనంతపురంలో ఇంగ్లీషు అధ్యాపకుడిగా పనిచేశారు. దయానిధి కూడా తన వెంటపడుతున్న మాట నుంచి దూరంగా అనంతపురం జిల్లాకు వచ్చి, వజ్రకరూరు ప్రాంతంలో డాక్టరుగా స్థిరపడతాడు. అక్కడ అతనికి వజ్రం దొరుకుతుంది, డబ్బు వస్తుంది, పేరు వస్తుంది. తొలకరి పడగానే వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో, అవతల కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి వైపు, జనం పొద్దున్నే నడుము వంచి, తడిసిన నేలలో మెరిసే రాళ్ళను ఏరి, మట్టి తుడిచి, ఎండకు ఎత్తి చూసుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ నేల కింద వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైట్ శిలలున్నాయని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. అక్కడికి వచ్చేవాళ్ళకు కావలసింది మాత్రం ఒక్క రాయితో బతుకు మారిపోవడం. నవలలో ఆ రాయి నిజంగానే దొరుకుతుంది. అయినా దయానిధి లోపలి బతుకు మారదు. డబ్బొస్తే, ఊరు మారితే, నలుగురికి ఉపకారం చేస్తే ఇంటిమీద పడిన మాట మాసిపోతుందన్న నమ్మకం మన దగ్గర ఎంత బలంగా ఉందో ఆలోచించండి. పల్లె వదిలి టౌనుకు, టౌను వదిలి బెంగళూరుకు వెళ్ళిన కుటుంబాలు ఎన్ని ఈ నమ్మకంతోనే వెళ్ళాయో మీ బృందంలో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ నమ్మకాన్ని ఈ నవల పరీక్షకు పెడుతుంది కనుక, వజ్రకరూరు భాగాన్ని స్థలవర్ణనగా దాటేయకుండా కథకు గుండెకాయగా చదవండి.

ఆ భాగంలో మీవాళ్ళకు కోపం తెప్పించే సంగతి కూడా ఒకటి ఉంది, అది రానివ్వండి. సర్కారు జిల్లాల నుంచి, అంటే కోస్తా నుంచి వచ్చిన చదువుకున్న మనిషి సీమను చూసే చూపు అది. ఈ నేల అతనికి మొదట రాళ్ళుగా, ఎండగా, ఎడారిగా కనబడుతుంది. ఇక్కడివాళ్ళకు అతను పరాయివాడుగా కనబడతాడు. 1937లో కోస్తా, సీమ నాయకులు కూర్చొని శ్రీబాగ్ ఒడంబడిక చేసుకోవలసి వచ్చినంతగా రెండు ప్రాంతాల మధ్య అపనమ్మకం ఉన్న రోజులవి, నవల పుస్తకంగా వచ్చిన మరుసటి ఏడే కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మీ బృందంలో ఎవరో ఒకరు ‘మన సీమ రచయిత నవల చదవకుండా ఇదెందుకు?’ అని తప్పక అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సీమ నవలలను నేను ప్రేమించి చదువుతాను. 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ని మీరు వేరొక నెలకు పెట్టుకోవాలని కూడా చెబుతాను. అది మన జిల్లా చరిత్రను తవ్వి తీసిన నవల, దాని బలం వేరు. మీరు అడిగిన ఇతివృత్తానికి, అంటే ఒక ఇంటి మాట ఒక మనిషి లోపల ఎట్లా పనిచేస్తుందన్నదానికి, బుచ్చిబాబు వెళ్ళినంత లోతుకు వెళ్ళిన తెలుగు నవల నాకు మరొకటి కనబడలేదు.

కథలో మరొక మలుపు ఉంది, దాన్ని నేను ఇక్కడ విప్పను. ఇంత మాత్రం చెబుతాను: తల్లి గురించి లోకం అన్న మాటను జీవితమంతా మోసిన దయానిధి, రెండో భాగంలో తాను కూడా ఒక రహస్యానికి భాగస్వామి అవుతాడు. అమృతం పాత్ర మీద కన్ను వేసి ఉంచండి. అక్కడికి చేరుకున్నాక, మొదటి భాగంలో తల్లి మీద మీరు ఏర్పరుచుకున్న అభిప్రాయం అట్లాగే నిలబడుతుందా అని ప్రతి సభ్యుడూ తనను తాను అడిగి చూసుకోవాలి. ఈ కారణంగానే నవలను ఒక్క సమావేశంలో ముగించవద్దంటున్నాను. దయానిధి సీమకు బయలుదేరే వరకు ఒక నెల, ఆ తర్వాతది మరో నెల. మొదటి సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ ఒకే ఒక పని చేసుకొని రావాలి: తల్లి గురించి ‘నాకు తెలిసిపోయింది’ అని తమకు అనిపించిన పేజీని గుర్తు పెట్టుకోవాలి. ఆ పేజీలు గట్టిగా చదివించండి. ఒక్కొక్కరూ ఒక్కొక్క చోట నమ్మేసి ఉంటారు. చాలామంది నమ్మిన చోట ఆధారం ఏమీ ఉండదు, ఎవరో ఒకరి మొహం మీది భావం మాత్రమే ఉంటుంది. పుకారు ఎలా నిజమవుతుందో ఉపన్యాసం ఇవ్వనక్కర లేకుండానే అందరికీ కళ్ళకు కడుతుంది. తాము నమ్మిన పేజీనే తమ గొంతుతో చదువుతూ మధ్యలో ఆగిపోయినవాళ్ళను నేను చూశాను.

కొన్ని ఇబ్బందులు కూడా ముందే చెప్పాలి. మొదటిది, నడక. ఇందులో సంఘటనల కంటే ఆలోచనలు ఎక్కువ. ఒక చెట్టును, ఒక మొహాన్ని, వెలుతురు మారడాన్ని బుచ్చిబాబు పేజీల తరబడి చూస్తారు. చిత్రకారుడి కన్ను ఉన్న రచయిత. కథ కోసం పరుగెత్తే అలవాటున్న చిన్నవాళ్ళు మొదటి అధ్యాయాల్లోనే విసుగుపడి పక్కన పెట్టే ప్రమాదం ఉంది. దీనికి నేను చేసే ఉపాయం ఏమిటంటే, పుస్తకాలు పంచే రోజే అందరినీ కూర్చోబెట్టి మొదటి పది పేజీలు ఒకరి తర్వాత ఒకరిచేత పైకి చదివించడం. గొంతులో పడితే ఆ వాక్యాల లయ పట్టుబడుతుంది. కాలేజీ పిల్లలు అచ్చులో ఉన్న తెలుగు చదవడంలో వెనకాడితే పెద్దవాళ్ళ పక్కన కూర్చోబెట్టండి, సరిదిద్దకుండా వినమనండి.

రెండవది ఇంతకంటే ముఖ్యమైనది. ఈ నవలలోని స్త్రీలందరినీ, కోమలిని, సుశీలను, అమృతాన్ని, ఇందిరను, మనం దయానిధి కళ్ళతోనే చూస్తాం. ఆ కళ్ళు సౌందర్యాన్ని వెతికే కళ్ళు, అనుమానంతో దెబ్బతిన్న కళ్ళు. ఒక్కోచోట అతను స్త్రీలను గురించి చేసే సాధారణీకరణలు ఈ రోజుల్లో చదివే ఆడపిల్లలకు కష్టంగా అనిపిస్తాయి, అనిపించాలి కూడా. వాటిని రచయిత అభిప్రాయాలుగా సమర్థించడానికి ఎవరూ పూనుకోవద్దు. కాలం అలాంటిదని కొట్టివేయవద్దు. దానికి బదులు ఒక సభ్యురాలికి ఇందిర బాధ్యత అప్పగించండి. ఆమె దయానిధిని పెళ్ళి చేసుకున్న అమ్మాయి. వాళ్ళ కాపురం సవ్యంగా నిలబడదు. ఆమె జబ్బు పడుతుంది. అత్తగారి గురించి తనకు చెప్పినదేమిటి, చెప్పనిదేమిటి, ఎవరు చెప్పారు, తన భర్త తనతో ఏ విషయం మాట్లాడలేకపోయాడు, ఇవన్నీ ఇందిర వైపు నుంచి ఆ సభ్యురాలు చెప్పాలి. రహస్యం పుట్టింది ఒక ఇంట్లో, దాని ఖరీదు కట్టింది వేరే ఇంటి నుంచి వచ్చిన పిల్ల. మన పెళ్ళిళ్ళలో ఈ లెక్క ఎప్పుడూ ఇంతే కదా. ఈ దిశగా సాగిన చర్చలు నేను విన్నవాటిలో అన్నిటికంటే నిజాయితీగా సాగాయి.

మూడవది చిన్న విషయమే అయినా ప్రతిసారీ ఎదురవుతుంది. ఇదే పేరుతో 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో సావిత్రి నటించిన సినిమా ఒకటి ఉంది. దానికీ ఈ నవలకూ సంబంధం లేదు, అది బెంగాలీ చిత్రానికి తెలుగు రూపం. పుస్తకం చదవడానికి బద్ధకించి సినిమా చూసి వచ్చేవాళ్ళు ఉంటారు కనుక ముందే చెప్పి ఉంచండి.

ఇక మీ సభ్యురాలి సందేహం. ఆమె భయాన్ని తేలికగా తీసుకోవద్దు. అనంతపురం చిన్న ఊరు కాకపోయినా, బృందంలో కూర్చున్నవారిలో ఇద్దరికి ఎక్కడో ఒకచోట చుట్టరికం తగులుతుంది, ఒకరి పెద్దమ్మ ఇంకొకరికి పాత ఇరుగుపొరుగు అయి ఉంటుంది. ఇటువంటి నవల చదివేటప్పుడు ‘మా ఇంట్లో కూడా’ అని ఒకరు మొదలుపెట్టడం సహజం. నేను పాటించే నియమం ఒకటుంది, దాన్ని మొదటి రోజే అందరి ముందూ చెప్పి ఒప్పించుకుంటాను. ఎవరైనా తమ ఇంటి సంగతి చెప్పుకోదలిస్తే చెప్పుకోవచ్చు, అడిగి చెప్పించకూడదు. ‘ఫలానా వాళ్ళింట్లో’ అన్న మాట మాత్రం పేరు చెప్పినా చెప్పకపోయినా రాకూడదు. అది వచ్చిన మరుక్షణం, మనం చదువుతున్న నవలలోని ఊరివాళ్ళు చేసిన పనే మనమూ చేస్తున్నామని సమావేశం నడిపేవారు మర్యాదగా గుర్తుచేసి, మాటను పుస్తకంలోకి తిప్పాలి. తన ఇంటి మాట ఎవరైనా చెప్పినప్పుడు మిగతావాళ్ళు సలహాలు ఇవ్వకూడదు, జాలి చూపకూడదు, ఆ మాట గది దాటకూడదు. వింటే చాలు. దీన్ని ఖచ్చితంగా పాటించిన బృందాల్లో నాకు ఎప్పుడూ చేదు మిగలలేదు.

అయినా ఆమెకు మనసొప్పకపోవచ్చు. ఆ వీలు కూడా ఉంచుకోండి. పుస్తకం ఖరారు చేయకముందే ఒక ప్రతి ఆమెకు ఇచ్చి, తల్లి చనిపోయే వరకు చదివి చెప్పమనండి. కారణాలు అడగవద్దు. ఆమె వద్దంటే, ఎస్.ఎల్. భైరప్ప కన్నడంలో 1965లో రాసిన ‘వంశవృక్ష’ తీసుకోండి. రాయదుర్గం, మడకశిర వైపు నుంచి వచ్చిన సభ్యులు మీ బృందంలో ఉంటే వాళ్ళు దాన్ని కన్నడంలోనే చదువుకోగలరు, ఇష్టమైన భాగాలు అందరికీ చదివి వినిపించగలరు. నంజనగూడులో కపిలా నది ఒడ్డున ఉండే శ్రీనివాస శ్రోత్రి వంశం, కులం, ఆచారం అన్నవాటిని ప్రాణంగా నమ్మిన మనిషి. వితంతువైన అతని కోడలు మళ్ళీ పెళ్ళి చేసుకోవాలనుకోవడంతో ఆ నమ్మకం కుదుపుకు లోనవుతుంది. ఆ తర్వాత వృద్ధాప్యంలో తన వంశం గురించే అతనికి తెలిసే నిజం ఆ నమ్మకాన్ని పునాదులతో సహా కదిలిస్తుంది. అందులో రహస్యం ఆలస్యంగానే బయటపడుతుంది, ఆ లెక్కన నేను మొదట చెప్పిన కొలతకు అది పూర్తిగా సరిపోదు. అయితే బయటపడ్డాక శ్రోత్రి ఏం చేస్తాడన్నది చదివినవాళ్ళను చాలాకాలం వదలదు కనుక, మాట్లాడుకోవడానికి కొరత ఉండదు. అక్కడ గాయం కంటే ధర్మం మీద చర్చ ఎక్కువగా సాగుతుంది. ఇంటి మాటలు మీద పడతాయని భయపడేవారికి ఆ దూరం కాస్త ఊరటగా ఉంటుంది.

ఆమె సరేనంటే, ‘చివరకు మిగిలేది’ మొదటి సమావేశాన్ని మే నెలలో పెట్టుకోండి. రెండవది జూన్‌లో, తొలి వానలు పడ్డాక వస్తుంది. వీలైతే ఆ రోజు ఊళ్ళోని హాలు వద్దనుకొని, గుంతకల్లు మీదుగానో ఉరవకొండ మీదుగానో వజ్రకరూరు వెళ్ళి అక్కడే కూర్చోండి.